ఆకలేస్తే అదే తింటుందిలే అనుకోకండి (ఫెర్రెట్‌ని మాంసానికి మార్చడం గురించి)

(తార్నాకలో ఆదివారం పొద్దున పెంపుడు జంతువులున్నవాళ్ళం కలిసినప్పుడు మాట్లాడింది, రికార్డింగ్ విని టైప్ చేశాం)

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తుందా? ఫ్యాన్ సౌండ్ కొంచెం ఎక్కువుంది, వినపడకపోతే చెయ్యెత్తండి, మళ్ళీ చెప్తా.

నేను డాక్టర్‌ని కాదు, అది ముందే చెప్పేస్తున్నా. నా దగ్గర రెండు ఫెర్రెట్లున్నాయి, చూడ్డానికి ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే, మాంసం తినే చిన్న పెంపుడు జంతువులు, పెద్దోడు బబ్లూ, చిన్నది చిట్టి. బబ్లూ డ్రై ఫుడ్ నుంచి మాంసానికి మారడానికి నాలుగు నెలలు పట్టింది. చిట్టికి పది రోజులే పట్టింది. అదే ఇల్లు, అదే కోడి, పెట్టేదీ నేనే, మరి ఇంత తేడా ఎందుకొచ్చింది అనేదే ఇవాళ నేను చెప్పాలనుకున్నది, మిగతాదంతా దాని వెనకాలే వస్తుంది.

మన పెద్దోళ్ళు అంటారు కదా, ఆకలి రుచెరగదు నిద్ర సుఖమెరగదు అని. మనకి నిజమే, పెరుగన్నం తప్ప ఏం లేని రోజు అదే అమృతంలా ఉంటది. కానీ ఫెర్రెట్ విషయంలో ఈ సామెత నమ్ముకుంటే ప్రాణం మీదకొస్తుంది. నేను నమ్ముకున్నా. నాకు తెలిసినాయన ఒకరు, జంతువులు అమ్మే ఆయనే, ఏం కాదన్నా ఒక పూట పస్తుంచు, ఆకలేస్తే మాంసం అదే తింటది అన్నాడు. సరే అని రాత్రి గిన్నెలో డ్రై ఫుడ్ తీసేసి చికెన్ ముక్కలు పెట్టి పడుకున్నా. పొద్దున లేచి చూస్తే ముక్కలు ముక్కల్లాగే ఉన్నాయి, వాటి మీద చీమలు, బబ్లూ ఏమో మూలకి పడి ఉన్నాడు. పిలిస్తే చూస్తున్నాడు కానీ చూపు నా మీద లేదు, నోట్లోంచి సొల్లు కారుతోంది, లేవబోతే వెనక కాళ్ళు ఈడుస్తున్నాడు. నా చేతులు వణికిపోయాయి. అదృష్టం ఏంటంటే ఎక్కడో చదివింది గుర్తొచ్చి కొంచెం తేనె వేలికి రాసుకొని చిగుళ్ళకి పూసి, ఆ తర్వాత ఆటో పట్టుకొని హాస్పిటల్‌కి పరిగెత్తా. రక్తంలో షుగర్ చూస్తే 60 కంటే కింద ఉంది, అంటే బాగా పడిపోయింది. ఎన్ని గంటలైంది తిని అని డాక్టర్ గారడిగితే లెక్కేసుకున్నా, పన్నెండు గంటలు దాటింది.

పన్నెండు గంటలంటే మనకి ఒక ఉపవాసం కూడా కాదు, ఏకాదశి నాడు మా అమ్మ అంతకంటే ఎక్కువే ఉంటది. కానీ దీని పేగు ఎంత పొట్టిదంటే తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది. మనకి చిన్నపేగు, పెద్దపేగు కలిసే దగ్గర ఒక సంచిలాంటిది ఉంటుంది చూడండి, సీకమ్ అంటారు, కుందేలుకైతే అది చాలా పెద్దది, గడ్డి అంతా అందులోనే నానుతుంది. ఫెర్రెట్‌కి అసలు ఆ సంచే లేదు. పీచు, గింజలు, పప్పులు నానబెట్టి పులియబెట్టి అరిగించుకునే ఏర్పాటు దాని ఒంట్లో లేదు. పళ్ళు చూడండి, మొత్తం 34, కోరపళ్ళు, వాటి వెనకాల కత్తెరలాంటి పళ్ళు, కోయడానికే గాని నమలడానికి కాదు. అందుకే రోజంతా కొంచెం కొంచెం, ఎనిమిది పది సార్లు తింటుంది, తిని పడుకుంటుంది, లేచి మళ్ళీ తింటుంది. రోజులో పద్నాలుగు నుంచి పద్దెనిమిది గంటలు నిద్రే.

కాబట్టి మొదటి మాట, పస్తు ఉంచొద్దు. ఎవరు చెప్పినా సరే. కొన్ని రోజులు సరిగ్గా తినకపోతే లివర్‌కి కొవ్వు పట్టేస్తుంది, అప్పుడు మాంసం సంగతి దేవుడెరుగు, బతికించుకోవడమే కష్టమైపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. చిట్టికి పది రోజులు, బబ్లూకి నాలుగు నెలలు ఎందుకంటే, ముక్కు. ఫెర్రెట్ తిండిని కళ్ళతో గుర్తుపట్టదు, వాసనతో గుర్తుపడుతుంది, ఏ వాసన తిండి ఏది కాదు అనేది పుట్టిన మూడు నెలల లోపల, ముఖ్యంగా 60 రోజుల నుంచి 90 రోజుల మధ్యలో దాని బుర్రలో పడిపోతుంది. ఆ టైంలో ఏ వాసన తగిలితే అదే తిండి అని ముద్రపడిపోతుంది, తర్వాత కొత్త వాసన నేర్పాలంటే చాలా ఓపిక కావాలి. బబ్లూ నా దగ్గరకి వచ్చేసరికి ఏడాది దాటింది, అప్పటిదాకా ఒకే రకం డ్రై ఫుడ్ తిన్నాడు. వాడికి చికెన్ ముక్క అంటే మనకి ఒక రబ్బరు ముక్క ప్లేట్లో పెట్టినట్టు. మీకెంత ఆకలేసినా ప్లాస్టిక్ చెంచా కొరికి తింటారా? తినరు, అది తిండి అని అనిపించదు కాబట్టి. బబ్లూ మొండికేయలేదు, వాడికి నిజంగానే అది తిండి అని తెలీదు. ఈ ఒక్కటి నాకు ముందే తెలిసుంటే ఆ రాత్రి వాడిని అలా పడేసేవాణ్ణి కాదు. చిట్టి రెండున్నర నెలల పిల్లగా వచ్చింది, ముక్కు ఇంకా తెరిచే ఉంది, అంతే తేడా.

అంటే మనం చేయాల్సింది ఆకలి పెంచడం కాదు, వాసన నేర్పించడం.

దీన్ని ముంగిస అనుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా మొదట అదే అన్నాడు, సార్ ముంగిసని తెచ్చినారా, పోలీసులు పట్టుకపోతరు అని. ఆయన అన్నది తప్పేం కాదు, ముంగిసని ఇంట్లో పెంచడం నిజంగానే చట్టం ప్రకారం నేరం. కానీ ఇది ముంగిస కాదు, నీటికుక్కల కుటుంబం. యూరప్‌లో పోల్‌క్యాట్ అని అడవి జంతువు ఉంది, దాన్ని మనుషులు రెండు వేల ఏళ్ళకి పైగా మచ్చిక చేసుకుంటూ వస్తే ఇది అయింది. ఎందుకు మచ్చిక చేశారంటే కుందేళ్ళ కోసం. బొరియలోకి దీన్ని వదిలితే కుందేలు బయటికి ఉరుకుతుంది, బయట వల ఉంటుంది. ఇంగ్లాండులో పాతకాలం వేటగాళ్ళు దీనికి పాలల్లో నానబెట్టిన రొట్టె పెట్టేవాళ్ళు, చవక కదా. అవి విరేచనాలతో బాధపడేవి. నాకు బబ్లూని ఇచ్చినాయన కూడా ఇదే చెప్పాడు చూడండి, పాలు బ్రెడ్ పెట్టండి సార్ బాగా తింటది అని. తింటది, తీపి కదా. కడుపు పాడవుతుంది.

డ్రై ఫుడ్ మీద నాకు పగేం లేదు, ఇదీ చెప్పాలి. ఊళ్ళో దొరికే పిల్లుల డ్రై ఫుడ్‌లో చాలావాటిలో మొక్కజొన్న, గోధుమ, బియ్యం, సోయా ముందు వరసలో ఉంటాయి. ఫెర్రెట్‌కి ప్రోటీన్ 30 నుంచి 40 శాతం, అదీ జంతువుల నుంచి వచ్చింది, కొవ్వు 15 నుంచి 20 శాతం కావాలి, పీచు మూడు శాతం దాటకూడదు. మొక్కల ప్రోటీన్ ఎక్కువైతే మూత్రంలో రాళ్ళు వస్తాయి, ఇది వెట్లకి, అంటే జంతువుల డాక్టర్లకి, బాగా తెలిసిన సంగతే. క్లోమంలో గడ్డ వచ్చి ఇన్సులిన్ విపరీతంగా ఊరిపోయే జబ్బు ఒకటి, ఇన్సులినోమా అంటారు, నాలుగేళ్ళు దాటిన ఫెర్రెట్లలో మామూలే, దానికి పిండి పదార్థం కారణమేమో అని చాలామందికి అనుమానం, రుజువు మాత్రం కాలేదు. కాబట్టి మాంసం పెడితే ఆ జబ్బు రాదు అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు. నేను మార్చింది పళ్ళ కోసం, పేగు కోసం, వాడు ఎముక కొరుకుతున్నప్పుడు వాడి మొహం చూడ్డం కోసం.

సరే, ఎలా మార్చాలి. మొదట ఒక వంటింటి తూకం మిషన్ కొనండి, గ్రాముల్లో చూపించేది. వారానికి రెండుసార్లు తూకం వేసి గోడ మీద క్యాలెండర్‌లో రాయండి. మగది సుమారు కిలో నుంచి రెండు కిలోలు ఉంటుంది, ఆడది కిలో లోపే. మారుస్తున్నప్పుడు కొంచెం తగ్గొచ్చు, కానీ కిలో ఉన్నది వంద గ్రాములు తగ్గితే ఆపెయ్యండి, వెనక్కి వెళ్ళండి. ఎండాకాలంలో వీటి బరువు ఎలాగూ తగ్గుతుంది, ఆకలీ తగ్గుతుంది, అందుకే ఏప్రిల్‌లో మొదలుపెట్టొద్దు. నన్నడిగితే కార్తీకమాసం బెస్ట్. చలి మొదలవుతుంది, వాటికి ఆకలి పెరుగుతుంది, మనవాళ్ళు సగం మంది నీచు మానేస్తారు కాబట్టి చికెన్ రేటూ తగ్గుతుంది.

మొదటి వారం, రెండో వారం ఏం చెయ్యాలంటే, పాత డ్రై ఫుడ్ గిన్నె అక్కడే ఉంటుంది, దాన్ని తియ్యం. ఇంకో పక్కన అదే డ్రై ఫుడ్‌ని పొడి చేసి గోరువెచ్చని నీళ్ళలో కలిపి జావలా చేస్తాం. మాంసం ఏం లేదు ఇంకా. ముందు జావ తాగడం నేర్చుకోవాలి కదా. గిన్నెలో పెట్టి వదిలేస్తే బబ్లూ కన్నెత్తి కూడా చూడలేదు, నేను వేలికి రాసుకొని పెదవికి, కోరపంటికి అంటించేవాణ్ణి, వాడు నాలుకతో నాకేసేవాడు. రోజుకి ఆరేడు సార్లు. దబాయించి నోట్లో కుక్కొద్దు, ఒక్కసారి భయపడితే ఆ వాసన అంటేనే పారిపోతాడు. ఒక చుక్క ఫిష్ ఆయిల్ గానీ కొంచెం గుడ్డు పచ్చసొన గానీ కలిపితే ఇంకా తొందరగా నాకుతారు.

జావ వాళ్ళంతట వాళ్ళు తాగడం మొదలయ్యాక, అప్పుడు మాంసం. మిక్సీలో మెత్తగా వేసిన చికెన్, ఒక గిన్నె జావలో అర చెంచా. అర చెంచాయే. దానికో జార్ వేరుగా కొనండి, చట్నీ జార్‌లో వెయ్యొద్దు. గిన్నెని వేడినీళ్ళలో పెట్టి ఒంటి వేడికి తెస్తే వాసన లేస్తుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మాంసానికి వాసనే ఉండదు, వాళ్ళ ముక్కుకి అది లేనట్టే. మూడు నాలుగు రోజులు అదే కొలత, మలం బాగుంటే ఒక చెంచా, తర్వాత రెండు. ఇలా పెంచుకుంటూ డ్రై ఫుడ్ పొడి తగ్గించుకుంటూ పోతే ఒకరోజు గిన్నెలో మాంసమే మిగులుతుంది. బబ్లూ మూడో నెలలో రెండుసార్లు మొండికేశాడు, రెండుసార్లూ వెనక్కి వెళ్ళి మళ్ళీ అర చెంచా నుంచి మొదలుపెట్టా. వెనక్కి వెళ్ళడం ఓడిపోవడం కాదండి, తూకం మిషన్ చెప్పినట్టు వింటున్నాం అంతే.

మెత్తటి మాంసం అలవాటయ్యాక సన్నగా తరిగిన ముక్కలు, తర్వాత వేలంత ముక్కలు, ఆ తర్వాత ఎముక. కోడి రెక్క చివర, మెడ, కౌజు పిట్ట. ఫారాల్లో పెంచిన కౌజు పిట్టలు సిటీలో దొరుకుతున్నాయి, ఎముక సన్నగా ఉంటుంది, ఫెర్రెట్ నోటికి సరిగ్గా సరిపోతుంది. ఎముక పచ్చిదే పెట్టాలి, ఉడికిన ఎముక సూదుల్లా చీలిపోయి పేగులో గుచ్చుకుంటుంది. ఇంట్లో బిర్యానీ తిన్నాక మిగిలిన బొక్కలు పెట్టేవాళ్ళున్నారు, దయచేసి వద్దు, మసాలా, ఉల్లిపాయ కూడా దానికి విషమే.

ఇప్పుడు అందరూ చేసే తప్పు ఒకటి చెప్తా, ఎందుకంటే ఇది నేను కళ్ళతో చూశా. మాంసం అనగానే బోన్‌లెస్ కొంటారు, లేకపోతే లివర్ ఆరోగ్యం కదా అని లివర్ ఒక్కటే పెడతారు. రోజూ బోన్‌లెస్ తింటే కాల్షియం అందక ఒళ్ళు తన ఎముకల్లోంచే లాక్కుంటుంది, ఎముకలు గుల్లబారతాయి. రోజూ లివర్ తింటే విటమిన్ ఏ ఎక్కువైపోతుంది, దానివల్ల కూడా ఎముకలే పాడవుతాయి. అడవిలో పోల్‌క్యాట్ ఎలుకని తింటే బోన్‌లెస్ ఎలుక తినదు కదా, మొత్తం తింటుంది, తోలు, గుండె, లివర్, ఎముక అంతా. మనం కొట్లో ఆ ఎలుకని మళ్ళీ తయారు చేసుకోవాలి. సుమారుగా మాంసం 70, 80 శాతం, ఎముక 10 నుంచి 15, లివర్ 5, మూత్రపిండం ప్లీహం లాంటివి ఇంకో 5. మటన్ కొట్లో గుర్దా, తిల్లీ అనడగండి, ఇచ్చేస్తారు. గుండెకాయ, కందనకాయ ఈ లెక్కలో మాంసం కిందకే వస్తాయి, అవయవాల కిందకి కాదు. గుండెకాయ మాత్రం తప్పకుండా పెట్టండి, అందులో టారిన్ అనే పోషకం బాగా ఉంటుంది, గుండెకీ కంటికీ అది కావాలి. చికెన్‌లో బ్రెస్ట్ కంటే లెగ్ మాంసం నయం, అదే కారణం.

మా చికెన్ కొట్టు తమ్ముడు మొదట్లో అడిగేవాడు, అన్నా గిన్ని మెడలు, గుండెకాయలు ఎవలికి, కుక్కకా అని. ఇప్పుడు నేను వెళ్ళగానే ఒక కవర్ పక్కన పెట్టి ఉంచుతాడు, పొద్దున మొదట కోసిన కోడివి. మీరూ ఒక కొట్టు పట్టుకోండి, పొద్దున్నే వెళ్ళండి, బయట ఎండకి వేలాడేసిన మాంసం తీసుకోవద్దు. ఇంటికి తెచ్చి ఒకరోజుకి సరిపడా చిన్న చిన్న డబ్బాల్లో పెట్టి డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి, ముందురోజు రాత్రి కింద ఫ్రిజ్‌లోకి దించితే పొద్దుటికి కరుగుతుంది. కిలో బరువున్న ఫెర్రెట్‌కి రోజుకి సుమారు 50 నుంచి 100 గ్రాములు చాలు, ఎదిగే పిల్లలకి ఎక్కువ.

ఇంకోటి, ఇవి దాచుకుంటాయి. తిన్నంత తిని మిగతాది సోఫా కింద, షూ లోపల, పరుపు మూలల్లో. డ్రై ఫుడ్ దాచుకుంటే పర్లేదు, మే నెలలో హైదరాబాద్‌లో 42 డిగ్రీల్లో చికెన్ ముక్క సోఫా కింద ఉంటే ఆలోచించండి. అందుకే తినేటప్పుడు బోనులోనో బాత్రూంలోనో, టైల్స్ ఉన్నచోటే పెట్టండి, అరగంట, మహా అయితే గంట, మిగిలింది తీసి పారెయ్యండి, దాచుకునే మూలలు రోజూ చూడండి. ఫెర్రెట్‌కి 30 డిగ్రీలు దాటితేనే కష్టం, ఎండాకాలం కూలర్ కాదు ఏసీ ఉండాలి, అది లేనివాళ్ళు అసలు ఫెర్రెట్ తెచ్చుకోవద్దని నా మాట.

(సభలోంచి ఒకరు: పచ్చి చికెన్ పెడితే బర్డ్ ఫ్లూ వస్తుందంటున్నారు, నిజమేనా సార్?)

మంచి ప్రశ్న అక్కా. దీనికి కొంచెం టైం తీసుకుంటా. మనుషుల ఫ్లూ వైరస్‌ని మొదటిసారి పట్టుకున్నది ఫెర్రెట్ల వల్లేనండి. 1933లో లండన్‌లో, జ్వరం వచ్చిన మనిషి గొంతులోంచి తీసింది ఫెర్రెట్లకి ఇస్తే వాటికీ జలుబు, జ్వరం అచ్చం మనలాగే వచ్చాయి. ఇప్పటికీ ఫ్లూ పరిశోధన చాలావరకు వీటి మీదే. అంటే ఏంటి, మీకు జలుబు చేస్తే దానికి అంటుతుంది, బర్డ్ ఫ్లూ కూడా దీనికి ప్రమాదమే. 2025 మొదట్లో గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్ళు చనిపోయాయి గుర్తుందా, అప్పుడు నేను పచ్చిది పూర్తిగా ఆపేశా. డీప్ ఫ్రిజ్‌లో పెడితే వైరస్ చావదు, సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా కూడా చావదు, ఉడికిస్తేనే చస్తుంది. అలాంటప్పుడు ఎముక తీసేసి బాగా ఉడికించి, ఆ ఉడికిన నీళ్ళతో సహా పెట్టండి, టారిన్ నీళ్ళలోకి దిగిపోతుంది కాబట్టి నీళ్ళు పారబొయ్యొద్దు. టారిన్ పొడి కూడా కొంచెం కలపాలి, ఎంత అనేది మీ వెట్‌ని అడగండి. ఎముక లేదు కాబట్టి గుడ్డు పెంకు ఎండబెట్టి మెత్తగా పొడి చేసి అరకిలో మాంసానికి సుమారు అర టీస్పూన్ కలపండి.

చాలామంది వెట్లు పచ్చి మాంసం వద్దే వద్దంటారు. వాళ్ళమీద కోపం తెచ్చుకోకండి, ఇంట్లో పాకే పిల్లలున్నా, పెద్దవాళ్ళున్నా, కీమో లాంటి మందులు వాడుతున్నవాళ్ళున్నా నేనూ వద్దనే అంటా. అలాంటి ఇళ్ళల్లో ఉడికించింది పెట్టండి, అదీ డ్రై ఫుడ్ కంటే దాని ఒంటికి దగ్గరే. పచ్చిది పెట్టేవాళ్ళు గిన్నె, చాకు, చేతులు సబ్బుతో కడగాలి, తిన్న వెంటనే దాని మూతికి ముద్దులు పెట్టొద్దు.

(ఇంకొకరు: చేపలు పెట్టొచ్చా?)

పచ్చివి వద్దు తమ్ముడు. బంగారుతీగ లాంటి చేపల్లో విటమిన్ బీ వన్‌ని నాశనం చేసే పదార్థం ఉంటుంది, రోజూ పెడితే నరాలు పాడవుతాయి. ఉడికిస్తే అది పోతుంది, ముల్లు తీసి ఎప్పుడో ఒకసారి పెట్టు. పంది మాంసం కూడా పచ్చిది వద్దు.

మలం గురించి అడగడానికి అందరూ మొహమాటపడుతున్నారు, నేనే చెప్తా. మాంసానికి మారాక మలం తగ్గుతుంది, ముదురు రంగులో ఉంటుంది, వాసన కూడా తక్కువ. మారుస్తున్నప్పుడు ఒకట్రెండు రోజులు పల్చగా రావొచ్చు. ఆకుపచ్చగా, జిగటగా రెండు రోజులు వస్తే ఆపి వెట్‌కి చూపించండి. తారులా నల్లగా వస్తే లోపల రక్తం, ఆరోజే వెళ్ళండి, రేపు అనొద్దు. అన్నట్టు ఫెర్రెట్‌ని చూడ్డం తెలిసిన వెట్ ఎవరో మార్చడం మొదలుపెట్టకముందే కనుక్కొని ఉంచుకోండి, అర్ధరాత్రి వెతుక్కోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. డిస్టెంపర్ వ్యాక్సిన్ సంగతి కూడా అప్పుడే అడగండి, ఆ జబ్బొస్తే ఇవి దాదాపు బతకవు.

బబ్లూకి ఇప్పుడు ఆరేళ్ళు. ఆరు నెలలకోసారి షుగర్ చూపిస్తున్నా. వాడికి ఇప్పటికీ చేప వాసన తిండి కాదు, కౌజు పిట్టని మాత్రం చిట్టి దగ్గర్నుంచి లాక్కొని మరీ పరిగెత్తుతాడు.

మీలో ముగ్గురు నలుగురు ఫెర్రెట్లని తెచ్చారు కదా, అక్కడ టేబుల్ మీద తూకం మిషన్ పెట్టా, వెళ్ళేముందు తూకం వేయించుకొని కాగితం మీద తేదీతో సహా రాసుకొని వెళ్ళండి. జావ కూడా ఫ్లాస్క్‌లో తెచ్చా, వెచ్చగానే ఉంది, ఎవరికైనా వేలితో ఎలా అంటించాలో చూడాలంటే రండి, ముందు ఆ మూలనున్న అక్క వాళ్ళ పిల్లతో మొదలుపెడదాం, అది చిన్నది, ఇంకా మూడు నెలలు నిండలేదంట.